నడక ముచ్చట్లు: ఒక ఆదివారం పోటీ, ఇంకో ఆదివారం పొలాల గట్లు

పోయిన నెల ఈ పేజీలో ఇంగ్లండ్‌లోని సర్రే వాకింగ్ క్లబ్ గురించి నాలుగు ముక్కలు రాశాను. 1899లో పుట్టిన క్లబ్బు అది, ఒకపక్క స్టాప్‌వాచ్ పట్టుకుని పోటీ నడకలు నడుస్తారు, ఇంకోపక్క సెలవు రోజున కబుర్లాడుకుంటూ కొండలూ పొలాలూ తిరుగుతారు, రెండూ ఒకే క్లబ్బు పేరు మీద. నేను పదేళ్లు ఆ చుట్టుపక్కలే ఉండి, ఆ దారుల్లో నడిచి, రోడ్డు పక్కన నిలబడి పోటీలు చూసి, ఇప్పుడు విశాఖ వచ్చి బీచ్ రోడ్డు మీద నడుస్తున్నాను కాబట్టి తోచింది రాశానంతే, దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. అన్నిటికీ చోటు లేదు, ఎక్కువమంది అడిగినవి తీసుకున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి లండన్ దక్షిణాన క్రాయ్‌డన్‌లో ఉద్యోగం. మీ వ్యాసం పంపిస్తే "అవును నాన్నా ఇక్కడ అలాంటివి ఉన్నాయి" అన్నాడు. నాకు అర్థం కానిది ఒకటే, పోటీ అంటే గెలవాలనే కసి, షికారు అంటే తీరుబడి. ఈ రెండూ ఒక గొడుగు కింద ఎలా ఇముడుతాయండీ? (రిటైర్డ్ ఉద్యోగి, విజయవాడ)

జవాబు: మంచి ప్రశ్న అడిగారండీ, నాకూ మొదట్లో ఇదే అనుమానం. దీనికి కొంచెం వెనక్కి పోవాలి. ఇంగ్లండ్‌లో నడక పోటీ మొదట పందేల ఆట. 1809లో కెప్టెన్ బార్క్లే అనే ఆయన న్యూమార్కెట్‌లో వెయ్యి గంటల్లో వెయ్యి మైళ్లు నడుస్తానని వెయ్యి గినీలకి పందెం కాశాడు, కిటుకేంటంటే ప్రతి గంటలోనూ ఒక మైలు నడవాలి, పగలనీ రాత్రనీ లేదు, అంటే దాదాపు 42 రోజులు నిద్ర అన్నది ముక్కలు ముక్కలుగానే. నడిచాడు, గెలిచాడు. ఆ తర్వాత మెల్లగా డబ్బు పందేల నుంచి అమెచ్యూర్ పోటీల్లోకి నడక వచ్చింది, 1866లో అమెచ్యూర్ అథ్లెటిక్ క్లబ్ లండన్‌లో పెట్టిన ఛాంపియన్‌షిప్‌లో 7 మైళ్ల నడక కూడా ఒక ఈవెంట్.

పోటీ నడక ఒక పాయ అనుకుంటే, రెండో పాయ, అంటే షికారు నడక, వేరే చోట మొదలైంది. 1879లో లెస్లీ స్టీఫెన్ అనే పెద్దాయన, రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ వాళ్ల నాన్నగారు, కొంతమంది స్నేహితుల్ని పోగేసి "సండే ట్రాంప్స్" అని ఒక బృందం పెట్టాడు. పని అంతా పుస్తకాల్లో, కాగితాల్లో ఉండేవాళ్లు. ఆదివారం పొద్దున లండన్‌లో రైలెక్కి ఏ చిన్న స్టేషన్లోనో దిగి, రోజంతా నడిచి, వాదించుకుని, సాయంత్రం ఇంకో స్టేషన్లో రైలెక్కి ఇంటికి. రైలు లేకపోతే ఈ నడక లేదు, ఈ మాట ఎందుకంటున్నానంటే సర్రే ప్రాంతం లండన్‌కి దక్షిణాన రైలుకి గంట దూరంలో ఉండబట్టే అక్కడ ఈ అలవాటు అంత గట్టిగా నాటుకుంది.

సర్రే క్లబ్బు లాంటివి ఈ రెండు పాయలూ కలిసిన చోట పుట్టాయి. ఎలా ఇముడుతాయంటారా, పోటీ నడిచేవాడికి వారంలో రెండు మూడు రోజులే గట్టి స్పీడు, మిగతాదంతా నెమ్మదిగా ఎక్కువసేపు నడవాలి, ఆ నెమ్మది నడక ఒంటరిగా చేస్తే విసుగు, పదిమందితో పొలాల్లో చేస్తే ఇరవై కిలోమీటర్లు ఎప్పుడైపోయాయో తెలీదు. ఇటు పోటీకి పోని వాళ్లకి ఏం లాభమంటే, పక్కన కాళ్లు బాగా తెలిసినవాళ్లు ఉంటారు, "మీ భుజాలు పైకి లేస్తున్నాయి, వదులు చేయండి" అని నడుస్తూ నడుస్తూ చెప్పేవాళ్లు. అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకోటి. పరుగు క్లబ్బుల్లో నేను చూసింది, మోకాలు పోయిందంటే మనిషి క్లబ్బుకి దూరమైపోతాడు. ఇలాంటి చోట అలా పోడు, పాతికేళ్లప్పుడు పోటీ నడిచినవాడు అరవైకి టైమ్‌కీపర్ అవుతాడు, డెబ్బైకి మ్యాప్ పట్టుకుని ఆదివారం దారి చూపిస్తాడు, పేరు మాత్రం రిజిస్టర్లో అలాగే ఉంటుంది. మీ అబ్బాయిని మొదట షికారుకే వెళ్లమనండి, పోటీ సంగతి కాళ్లే చెప్తాయి.

ప్రశ్న: సార్ నేను ఇంటర్ సెకండియర్, 5 కిలోమీటర్ల రన్నింగ్ చేస్తాను. మా పీఈటీ సార్ రేస్ వాకింగ్ ట్రై చేయమన్నారు. యూట్యూబ్‌లో చూస్తే వాళ్లు పరిగెడుతున్నట్టే ఉంది. నడకకీ పరుగుకీ గీత ఎక్కడ? (అనంతపురం)

జవాబు: తమ్ముడూ, రూల్ చాలా చిన్నది, రెండే ముక్కలు, కానీ ఆ రెండు ముక్కల మీదే ఆట మొత్తం నిలబడి ఉంది. ఒకటి, ఎప్పుడూ ఒక కాలైనా నేలని తాకి ఉండాలి, అంటే చూసేవాడి కంటికి రెండు కాళ్లూ గాల్లో ఉన్నట్టు కనపడకూడదు. రెండు, ముందుకేసిన కాలు నేలని తాకిన క్షణం నుంచి ఒళ్లు దాని మీదుగా నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. ఈ రెండోది ఇప్పుడున్నంత కఠినంగా 1990ల మధ్యలో అయింది, అంతకుముందు కాలు నిటారుగా వచ్చే చోట మోకాలు చక్కగా ఉంటే చాలు.

"కంటికి" అన్న మాట పట్టుకో. కెమెరాలో స్లో మోషన్ పెట్టి చూస్తే పెద్ద పెద్ద వాకర్లు కూడా సెకనులో చిన్న ముక్క సేపు గాల్లో ఉంటారు, అది తప్పు కాదు, రూల్ రాసింది మామూలు కంటికి, వీడియో చూసి ఎవర్నీ తీసేయరు. అందుకే రోడ్డు పొడుగునా జడ్జీలు నిలబడతారు, వాళ్ల చేతిలో చిన్న పసుపు పలకలు ఉంటాయి, ఒకదాని మీద అల గీత, అంటే కాలు లేస్తోంది జాగ్రత్త, ఇంకోదాని మీద వంగిన మోకాలు గుర్తు. పలక చూపించడం హెచ్చరికే. రెడ్ కార్డ్ మాత్రం జడ్జి నీకు చూపించడు, రాసి పంపిస్తాడు, అది ఫినిష్ దగ్గర పెట్టిన బోర్డు మీద నీ నంబర్ పక్కన ఎర్ర గుర్తుగా పడుతుంది. ముగ్గురు వేర్వేరు జడ్జీలు రెడ్ ఇస్తే పోటీ అయిపోయినట్టే, పెనాల్టీ జోన్ పెట్టిన పోటీల్లో అయితే మూడో రెడ్‌కి పక్కకెళ్లి నిలబడాలి, 10 కిలోమీటర్ల పోటీకి ఒక నిమిషం, 20కి రెండు నిమిషాలు, ఆ తర్వాత నాలుగోది పడితే బయటికి.

నేను మొదటిసారి ఒక పోటీ దగ్గరగా చూసింది ఒక పార్కు చుట్టూ వేసిన లూపులో, వర్షం ఆగి రోడ్డు తడిగా ఉంది. వాళ్లు వస్తుంటే ముందు వినపడేది చప్పుడు. పరుగులో ధబ్ ధబ్ అంటుంది కదా, ఇక్కడ అది లేదు, టక్ టక్ టక్ అని మడమలు తగిలే సన్నటి చప్పుడు, మిషన్ కుట్టినట్టు. దగ్గరికొచ్చాక చూస్తే తల కొంచెం కూడా పైకీ కిందకీ ఊగట్లేదు, నెత్తిన బిందె పెట్టుకున్న ఆడవాళ్లలాగా, కదలికంతా తుంటి దగ్గరే. తడి రోడ్డు మీద వాళ్ల అడుగుల గుర్తులు చూశాను, రెండు వరసలు కావు, దాదాపు ఒకటే గీత మీద, ఒకదాని ముందు ఒకటి. ఎందుకంటే తుంటి ముందుకు తిరిగితే అడుగు ఆ మేరకు పొడుగవుతుంది, మోకాలు వంచకుండా స్పీడు తెచ్చే దారి అదొక్కటే. మొదటి నెల నీకు నొప్పి పిక్కలో రాదు, కాలి ముందు వైపు ఎముక పక్కన ఉండే కండలో వస్తుంది, పాదం ముందు భాగాన్ని పైకెత్తి మడమ ముందు పెట్టించేది అదే కాబట్టి. భయపడకు, స్పీడు తగ్గించు, గోడకి ఆనుకుని నిలబడి మునివేళ్లు పైకెత్తి దించే వ్యాయామం రోజూ చెయ్యి. స్పీడు సంగతంటావా, 20 కిలోమీటర్ల ప్రపంచ రికార్డు జపాన్ అతను తోషికాజు యమనిషి 2025లో పెట్టింది 1 గంట 16 నిమిషాల 10 సెకన్లు, లెక్కేసుకో, కిలోమీటరు నాలుగు నిమిషాల లోపు, నీ పరుగు టైమ్‌తో పోల్చి చూసుకుంటే పీఈటీ సార్ ఎందుకు చెప్పారో తెలుస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో పార్కులో ప్రాక్టీస్ చేస్తుంటే అందరూ నవ్వుతున్నారు, తుంటి ఊపుతూ నడుస్తున్నానని వెనకాల నకలు చేస్తున్నారు. మానేద్దామనిపిస్తోంది. (డిగ్రీ విద్యార్థిని, సికింద్రాబాద్)

జవాబు: మానకమ్మా. రామ్ బాబూ అని ఉత్తర్‌ప్రదేశ్ సోన్‌భద్ర కుర్రాడు, హోటల్లో వెయిటర్‌గా చేశాడు, లాక్‌డౌన్‌లో ఊరికెళ్లిపోయి ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వాడు, 2022 జాతీయ క్రీడల్లో 35 కిలోమీటర్ల నడకలో జాతీయ రికార్డు కొట్టాడు, మరుసటి ఏడాది హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మంజూ రాణితో కలిసి కంచు పతకం తెచ్చాడు. అమ్మాయిల్లో చూస్తే ఖుష్బీర్ కౌర్ 2014 ఆసియా క్రీడల్లో వెండి, ప్రియాంకా గోస్వామి 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో పది వేల మీటర్ల నడకలో వెండి, గెలిచాక బాలకృష్ణుడి చిన్న విగ్రహం చేత్తో పట్టుకుని నిలబడిన ఆవిడే. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి నడక పెట్టిందే 1992లో, మగవాళ్లకి 1908 నుంచీ ఉంటే. అంత ఆలస్యంగా తెరిచిన తలుపు అది, నవ్వేవాళ్ల కోసం నువ్వు మూసుకోకు.

ఒక ఉపాయం మాత్రం చెప్తాను, ఒక్కదానివే వెళ్లకు, ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లని పక్కన మామూలుగా నడవమను, నువ్వు ఒక రౌండు స్పీడుగా వేసి మళ్లీ వాళ్లతో కలువు. ఒంటరిగా ఉన్న మనిషిని నకలు చేసినంత తేలిగ్గా గుంపుని చేయలేరు.

ప్రశ్న: మేమిద్దరం ఆరు నెలలకి అమ్మాయి దగ్గరికి సర్రేలోని డార్కింగ్ వచ్చాం. వాళ్లు ఆఫీసులకి పోతే మాకు తోచదు. చుట్టూ పచ్చగా ఉంది కానీ అన్నీ ఎవరివో పొలాలు, కంచెలు. అందులో నడిస్తే ఎవరైనా ఏమైనా అంటారా? ఇంగ్లీషు అంతంతమాత్రం, నేను చీర కట్టుకుంటాను, అలాంటి గుంపుల్లోకి పోవచ్చా? (రాజమండ్రి నుంచి వెళ్లిన ఒక అమ్మ)

జవాబు: అమ్మా, మీరున్న చోటు ఎలాంటిదో మీకు తెలుసా, నడిచేవాళ్లు లండన్ నుంచి రైలెక్కి వచ్చే చోటు అది! మీ ఇంటి నుంచి బస్సెక్కితే చాలు బాక్స్ హిల్. ఎవరైనా అంటారా అని అడిగారు, ఇక్కడ మన దగ్గర లేని ఒక సంగతి ఉంది. అక్కడ పొలం సొంతదారుడిదే, పొలం మధ్యలో పోయే కాలిబాట మాత్రం అందరిదీ, దాన్ని ఆయన మూయకూడదు, దున్నితే మళ్లీ సరిచేసి ఇవ్వాలి. అలాంటి దారులు ఇంగ్లండ్, వేల్స్ కలిపి సుమారు 2,25,000 కిలోమీటర్లు. గుర్తు ఎలా పట్టాలంటే కర్ర స్తంభం మీద పసుపు బాణం ఉంటే అది నడిచేవాళ్లకి, నీలం బాణం ఉంటే గుర్రాలూ సైకిళ్లూ కూడా వస్తాయి. పుస్తకాల షాపులో ఆర్డినెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ కొనమనండి అమ్మాయిని, అందులో ఆకుపచ్చ చుక్కల గీతలన్నీ మీ దారులే. అడవి కొండల మీద తిరిగే హక్కు కోసం అయితే 1932లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కార్మిక కుర్రాళ్లు వందలమంది కలిసి ఎక్కితే ఐదుగుర్ని జైల్లో పెట్టారు, ఆ హక్కు చట్టంగా పూర్తిగా వచ్చింది 2000లో. అంత కష్టపడి తెచ్చుకున్న దారులు కాబట్టి అక్కడివాళ్లు ఎదురుపడితే చిరునవ్వుతో పలకరిస్తారు, "మార్నింగ్" అంటే మీరూ "మార్నింగ్" అనండి, భాష అంతకంటే అక్కర్లేదు.

చీర గురించి మొహమాటం లేకుండా చెప్తానమ్మా, ఊరి రోడ్డు మీద పర్వాలేదు కానీ పొలాల్లో వద్దు. ఎందుకంటే కంచె దాటడానికి అక్కడ స్టైల్ అని రెండు చెక్క మెట్లు అడ్డంగా ఉంటాయి, దాని మీద కాలు ఎత్తి అవతలికి వేయాలి, పైగా బ్రాంబుల్ అని ముళ్ల తీగలు. సల్వార్ కమీజ్ వేసుకోండి, చీలమండ దాటి పట్టే నడక బూట్లు కొనండి, అక్టోబర్ దాటాక ఆ బురద మన గోదావరి రేగడి లాంటిదే, బూటు లోపలుండిపోయి కాలు బయటికొస్తుంది. నేను మొదటి చలికాలం మామూలు స్పోర్ట్స్ షూతో పోయి ఒక గేటు దగ్గర అచ్చంగా అలాగే నిలబడిపోయాను, ఒంటి కాలి మీద, సాక్సుతో. వెనకనుంచి డెబ్బై దాటిన ఒకావిడ వచ్చి ఏమీ అనకుండా నా మోచెయ్యి పట్టుకుంది, నేను బూటు లాక్కునేదాకా అలాగే పట్టుకుని నిలబడి, తర్వాత సంచిలోంచి ఫ్లాస్కు తీసి దాని మూతలో టీ పోసి ఇచ్చింది. పాలు తక్కువ, పంచదార లేదు, చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి, ఆ టీ రుచి నాకిప్పటికీ నాలుక మీద ఉంది. తర్వాత కబుర్లలో తెలిసింది ఆవిడ ఒకప్పుడు పోటీ నడక నడిచిందని, ఇప్పుడు ఆదివారం నడకలకి గుంపులో అందరికంటే వెనక ఉండి ఎవరూ తప్పిపోకుండా చూస్తుందని. ప్రతి గుంపుకీ ముందొకరు, వెనకొకరు అలా ఉంటారు కాబట్టి మీరు నెమ్మదిగా నడిచినా భయం లేదు.

బాక్స్ హిల్ కింద మోల్ అని చిన్న ఏరుంది, దాని మీద పెద్ద రాళ్లు వరసగా పేర్చి దారి చేశారు, వాటి మీద అడుగేసుకుంటూ అవతలికి పోవచ్చు, మీవారి చెయ్యి పట్టుకుని వెళ్లండి. నీళ్లు రాళ్ల మీదికి వచ్చిన రోజు మాత్రం దిగొద్దు, పక్కనే కాలి వంతెన ఉంది. కొండ ఎత్తు 224 మీటర్లు, మెట్లు ఆయాసం తెప్పిస్తాయి, ఆగి ఆగి ఎక్కండి, పైకెళ్లాక దక్షిణంగా కనుచూపు మేర పొలాలే. ఇంకో ముఖ్యమైన మాట, ఆవుల మందలో దూడలుంటే దగ్గరగా పోకండి, మన ఇంటి ఆవు కాదు అది, దూరంగా చుట్టు తిరిగి వెళ్లాలి. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, మూసుంటే మూసి, తీసుంటే తీసి. గుంపులో చేరాలంటే అమ్మాయి చేత ఆ గుంపు కార్యదర్శికి ఒక మెయిల్ పెట్టించండి, కొత్తవాళ్లని రెండు మూడుసార్లు ఊరికే రానిచ్చి చూసుకోమనే అలవాటు చాలా చోట్ల ఉంది. పులిహోర డబ్బా తీసుకెళ్లండి. మధ్యాహ్నం గడ్డిలో కూర్చుని అందరూ డబ్బాలు తెరిచినప్పుడు భాష సంగతి అదే తేలిపోతుంది.

ప్రశ్న: నాకు 44. ఇప్పుడు పోటీ నడక మొదలుపెట్టడం ఆలస్యం కాదా? (కరీంనగర్)

జవాబు: టామీ గ్రీన్ కథ వినండి. చిన్నప్పుడు రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు, ఐదేళ్లు వచ్చేదాకా నడవనే లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డాడు, విషవాయువు తగిలింది. తర్వాత రైల్వే పనిలో ఉండగా, యుద్ధంలో చూపు పోయిన ఒక స్నేహితుడు లండన్ నుంచి బ్రైటన్‌కి నడక పోటీకి తయారవుతుంటే ఆయనకి తోడుగా, దారి చూపిస్తూ నడిచాడు. అలా తోడు నడుస్తుంటే తనలోనే నడకగాడు ఉన్నాడని తెలిసింది, అప్పటికి వయసు 32. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 50 కిలోమీటర్ల నడక మొట్టమొదటిసారి పెడితే బంగారు పతకం ఆయనదే, 38 ఏళ్లకి. పోటీ కోసం మొదలుపెట్టిన నడక కాదండీ అది, స్నేహితుడి కోసం. మీకిప్పుడు 44, ఐదేళ్ల వయసు అంతరంతో మాస్టర్స్ గ్రూపులు ఉంటాయి, మన రాష్ట్రాల్లోనూ మాస్టర్స్ అథ్లెటిక్స్ మీట్‌లలో 5 కిలోమీటర్ల నడక పెడుతుంటారు, బీపీ షుగరు చూపించుకుని దిగండి.

ప్రశ్న: మా నెల్లూరు ఎండల్లో పొద్దున ఏడు దాటితే నడవలేం. ఇంగ్లండ్ చల్లటి దేశం కాబట్టి వాళ్లకి సాధ్యం, మనకి కాదు అంటాను. (నెల్లూరు)

జవాబు: చల్లటి దేశం వాళ్లకి ఎండే పెద్ద శత్రువు అయింది. డాన్ థాంప్సన్ అనే లండన్ ఇన్సూరెన్స్ గుమస్తా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 50 కిలోమీటర్ల నడకలో ఇంకాస్త దూరముందనగా వేడికి కుప్పకూలిపోయాడు. 1960లో రోమ్, అదీ ఎండే. ఇంగ్లండ్‌లో ఎండ ఎక్కణ్నుంచి తెస్తాడు? ఇంట్లో బాత్రూం తలుపులు మూసి, హీటర్ పెట్టి, కెటిల్స్‌లో నీళ్లు మరిగించి, ఆ ఆవిరిలో ట్రాక్‌సూట్ వేసుకుని వ్యాయామం చేసేవాడు, వారాల తరబడి. రోమ్‌లో మెడ వెనక గుడ్డ వేలాడే టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని దిగాడు, పొట్టి మనిషి, ఇటలీ వాళ్లు ముద్దుగా చిట్టెలుక అని పేరు పెట్టారు. 4 గంటల 25 నిమిషాల 30 సెకన్లలో బంగారం, స్వీడన్‌కి చెందిన ల్యుంగ్‌గ్రెన్ కంటే 17 సెకన్లే ముందు. 50 కిలోమీటర్లు నడిచి 17 సెకన్ల తేడా!

అది చదివి మీరు బాత్రూంలో కెటిల్ పెట్టుకోవద్దు. మనకి దేవుడిచ్చిన ఆవిరి ఎలాగూ ఉంది, రోజుకి కొంచెం కొంచెం చొప్పున రెండు వారాల్లో ఒళ్లు వేడికి అలవాటు పడుతుంది, చెమట తొందరగా పట్టడం మొదలవుతుంది. నెల్లూరులో ఏప్రిల్, మే పొద్దున ఐదుకి మొదలెట్టి ఆరున్నరకి ఇంట్లో ఉండండి, మజ్జిగలో ఉప్పేసుకుని తాగండి. తల తిరిగినా, చెమట ఆగిపోయినా నీడకి చేరి తడి గుడ్డ వేసుకుని వెంటనే మనిషిని పిలవండి, ఆరోజుకి టైమ్ సంగతి మర్చిపోండి.

ప్రశ్న: వంద మైళ్లు నడిచే క్లబ్బు ఒకటుందట, నిజమేనా? (గుంటూరు)

జవాబు: నిజం. సెంచూరియన్స్ అని 1911లో పెట్టారు. బ్రిటన్‌లో ఒక పోటీలో 24 గంటల్లోపు 100 మైళ్లు, అంటే 161 కిలోమీటర్లు, నడిచినవాళ్లకే సభ్యత్వం, డబ్బు కడితే రాదు. ఒక్కొక్కరికీ ఒక నంబర్ ఇస్తారు, అది జన్మంతా వాళ్లదే, ఇంకెవరికీ ఇవ్వరు, ఇప్పటికి వెయ్యి దాటాయి. మొదటి నంబర్ ఫౌలర్-డిక్సన్ అనే ఆయనకిచ్చారు, ఆయన వంద మైళ్లు నడిచింది 1877లో. గంటకి 6.7 కిలోమీటర్లు, తినడానికీ బాత్రూంకీ ఆగింది కూడా అందులోనే కలిపి. మొదటి యాభై మైళ్లు ఎవరైనా నడుస్తారు, రాత్రి రెండు గంటలప్పుడు అదే లూపు మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉన్నప్పుడు పక్కన ఇంకో మనిషి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి, లేకపోతే కాళ్లు కుర్చీ వైపు పోతాయి.

ప్రశ్న: మా కాలనీలో వాకర్స్ అసోసియేషన్ ఉంది, నలభైమందిమి. పొద్దున నడవడం, నవ్వడం, టిఫిను, అంతే. మీరు రాసినట్టు రెండూ కలిపి చేయాలంటే ఎక్కడ మొదలెట్టాలి? (విశాఖ)

జవాబు: మీరు సగం ఎప్పుడో మొదలెట్టేశారు, ఆ నవ్వూ టిఫినూ లేకుండా ఏ క్లబ్బూ నిలబడదు, అది మానొద్దు. పోటీ సగానికి ఒక కిలోమీటరు లూపు చాలు, అసలు పెద్ద పోటీలు కూడా ఒకటి రెండు కిలోమీటర్ల లూపుల్లోనే జరుగుతాయి, జడ్జీలకి ప్రతి మనిషీ పదే పదే కనపడాలి కాబట్టి. ఆర్కే బీచ్ రోడ్డు మీద పొద్దున బండ్లు ఆపే వేళలో చక్రం టేపుతో కొలిచి సుద్దతో రెండు గీతలు పెట్టుకోండి. నెలలో మొదటి ఆదివారం 3 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. ఎవరు గెలిచారో రాయకండి, ఎవరు తమ పోయిన నెల టైమ్ కంటే ఎన్ని సెకన్లు తగ్గించారో అది రాయండి, అలా రాస్తే అరవై ఐదేళ్ల మామ్మ గారికి, పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడికి పోటీ సమానమవుతుంది. మీలో ముగ్గురు జడ్జీలుగా నిలబడండి, అట్ట ముక్కలకి పసుపు కాగితం అంటించి ఒక పక్క అల, ఒక పక్క మోకాలు గీయండి. జడ్జీగా నిలబడ్డవాళ్లకే నడక ముందు అర్థమవుతుంది, ఇది నా అనుభవం, ఇరవై మంది మోకాళ్లు వరసగా చూశాక ఇంటికొచ్చి నా మోకాలు నేనే అద్దంలో చూసుకున్నాను.

మూడో ఆదివారం ఊరి బయటికి. బావికొండ, తొట్లకొండ మీద బౌద్ధ ఆరామాల దాకా, లేదా కంబాలకొండ అడవి దారి. పోటీ నడిచినవాళ్లు ఆరోజు వాచీలు ఇంట్లో పెట్టి రావాలి అని ఒక్క నియమం పెట్టండి, ముందు నడిచేది అందరిలోకీ నెమ్మదైన మనిషి అయి ఉండాలి అని ఇంకోటి. కొత్తవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకోండి, వెనక ఒకరు తప్పకుండా ఉండాలి, మంచినీళ్లు మనిషికి లీటరు, తాగిన సీసా తిరిగి సంచిలోకి. తొట్లకొండ మీదికి నేనూ వస్తాను, టీ ఫ్లాస్కు నాది, ఏ ఆదివారమో రాయండి.